పరీక్ష అట్టను తిప్పరాదు

పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్న మనిషిని చూసి మీరు ఎప్పుడైనా నవ్వినారా, లేదా? నిజం చెప్పండి. బస్సులోనో, సంతలోనో ఒకాయన పత్రికను కాళ్లు పైకి, తల కిందికి పెట్టుకొని గంభీరంగా చూస్తుంటే పక్కవాడిని మోచేత్తో పొడిచి ఉంటారు. నేనూ నవ్వినాను. నవ్వి ఊరుకోలేదు. నవ్వును నివేదికగా రాసి, మూడు ప్రతులు తీసి, ఒకటి విశ్వవిద్యాలయానికి, ఒకటి ప్రభుత్వ కార్యాలయానికి పంపి, ఒకటి నా చేతిసంచిలో భద్రంగా దాచుకున్నాను. ఆ నవ్వుతో ఒక బడి కూలింది. కూల్చినందుకు నాకు డాక్టరు పట్టా ఇచ్చినారు. ఎట్లా జరిగిందో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. ఆఖరున మీతో ఒక పని ఉంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు డేరాల్లో ఉండేది, నేను గాలిలో ఉండేవాణ్ణి. అక్షరం రాని పెద్దవాళ్లకు అక్షరం ఎట్లా అబ్బుతుందనే విషయం మీద డాక్టరు పట్టాకు పరిశోధన చేస్తున్నాను. నంద్యాలలో మా నాయనకు ఇది ఒక పట్టాన ఎక్కలేదు. గానుగ నూనె అంగడిలో కూర్చొని అడిగేవాడు.

"ఏం చదువుతాండావురా?"

"చదువు గురించి చదువుతాండా నాయనా."

"చదువు గురించి చదివేదేంది? అన్నం గురించి ఎవరన్నా అన్నం తింటారా?"

"అది కాదు నాయనా. పెద్దోళ్లకు చదువు ఎట్ల వస్తాదో కనుక్కోవాల."

"దాంట్లో కనుక్కునేదేముంది? పక్కన కూర్చోబెట్టుకొని చెప్తే వస్తాది."

ఆ ఒక్క మాట రాసుకొని ఇంటికి పోయి ఉంటే నా మూడేళ్లూ మిగిలేవి, ఆళ్లగడ్డ బడీ మిగిలేది. కానీ నూనె అమ్మేవాడి నోట వచ్చిన సిద్ధాంతాన్ని పరిశోధక విద్యార్థి ఎందుకు రాసుకుంటాడు?

నా ఇంకొక గొప్ప కూడా చెప్పాలి. లేకపోతే నా మూర్ఖత్వానికి ఉన్న లోతు మీకు తెలియదు. నేను హేతువాదిని. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మూసిన కవరులోని చీటీని తెరవకుండా చదువుతానని నంద్యాలకు ఒక స్వామి వచ్చినాడు. నిండు సభలో వేదికెక్కి, ఆయన శిష్యుడు చీటీలను ముందే చదివి చెబుతున్న సంగతి నేనే బయటపెట్టినాను. జనం చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లు నా చెవుల్లోకి పోయి అక్కడే గూడు కట్టుకున్నాయి. అప్పటినుంచి మామూలుగా కాకుండా వేరే ఏ తీరున ఎవరు చదివినా నా కంటికి ఆ స్వామే కనిపించేవాడు.

దీనికి తోడు మా ఆచార్యుడు నాకొక పద్ధతుల పుస్తకం ఇచ్చినాడు. సముద్రాల అవతల ఎవరో, బల్లలూ కుర్చీలూ ఉన్న దేశంలో, మనిషికొక పుస్తకం ఉన్న దేశంలో రాసిన పుస్తకం. అందులో రెండు నియమాలు నాకు కంఠతా వచ్చు. ఒకటి: పరీక్ష అట్టను పరీక్షకుడే పట్టుకోవాలి, పరీక్షకు కూర్చున్నవాడు తాకరాదు, తిప్పరాదు. రెండు: చదువు చెప్పినవారు మాట వినిపించేంత దూరంలో ఉండరాదు. వేదం ప్రమాణం కాదని ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. ఈ రెండు వాక్యాలను మాత్రం ఎందుకని అడగకుండా నెత్తిన పెట్టుకున్నాను. గుడ్డి నమ్మకానికి గుడే ఉండాలని లేదు, గ్రంథాలయం ఉన్నా చాలు.

అట్లా ఒక ఎండాకాలం నంద్యాలలో బస్సెక్కి, దారిలో శిరివెళ్ల దుమ్మంతా మింగి, ఆళ్లగడ్డలో దిగినాను. అక్కడ శిల్పులు పని చేసుకునే ఒక పెద్ద కొట్టంలో మధ్యాహ్నపు బడి నడుస్తున్నది. ఎండకు రాయి కాలి ఉలి పట్టలేని రెండు గంటలు వాళ్లు చదువుకునేవాళ్లు. చదువు చెప్పేది చెన్నమ్మ. ఒక శిల్పి భార్య. నంద్యాలలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. ఎవరి ఉత్తరువూ లేకుండా, జీతం లేకుండా రెండేళ్లుగా పదహారుమందికి చెబుతున్నది. వయోజన విద్య చూసే అధికారి ఆమెకు ఒక మాట ఇచ్చినాడు: పరిశోధకుడి నివేదిక బాగుంటే బడికి గుర్తింపు వస్తుంది, ఆమెకు టీచరు ఉద్యోగం వస్తుంది. బాగాలేకపోతే బడి మూసేస్తారు. అంటే ఆ మనిషి బతుకు నా కలం మొనమీద ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే నా కలానికి పొగరెక్కింది.

నేను పోయేసరికి కొట్టంలో దేవుళ్లందరూ వెల్లకిలా పడుకొని ఉన్నారు. నాకు దేవుడితో పేచీ ఉంది గాని, దేవుడి ముక్కు చెక్కేవాడితో లేదు. ఓబులాచారి అనే అరవై ఏళ్ల పెద్దాయన ఒక విగ్రహం తలవైపు గొంతుక్కూర్చొని ముఖం చెక్కుతున్నాడు. ఆయన కంటికి ఆ ముఖం పూర్తిగా తలకిందులు. అయినా పెదవి మీద చిరునవ్వు వెంట్రుకంత తేడా లేకుండా వస్తున్నది. నేను చూసినాను. చూసి, "బాగుంది" అన్నాను. కళ్లముందు జవాబు పెట్టుకొని ప్రశ్న వెతకడానికి పోయేవాడినే పరిశోధకుడంటారు.

చెన్నమ్మను బయటికి పొమ్మన్నాను.

"ఎందుకు సారూ?" అన్నది.

"నియమం. నీవుంటే సైగలు చేస్తావు."

"నేనేం సైగలు చేస్తా? సరే పోతా. వీళ్లు రోజూ యాడ కూర్చుంటారో ఆడనే కూర్చోబెట్టు సారూ. లేకుంటే తికమక పడతారు."

"నా పద్ధతి నాకుందమ్మా."

ఆమె పోయి ఎండలో బండరాళ్ల దగ్గర నిలబడింది. నేను పదహారుమందినీ నాకెదురుగా వరసగా కూర్చోబెట్టినాను. మొదట వాళ్ల వాచకమే ఇచ్చి చదవమన్నాను. ఓబులాచారి దాన్ని అందుకున్నాడు, చక్కగా ఉన్నదాన్ని తలకిందులు చేసినాడు, గొంతు సవరించుకొని గడగడా చదివినాడు.

"పెద్దాయనా, పుస్తకం తలకిందులుగా ఉంది."

"నాకు సరిగ్గానే ఉండాదప్పా."

నాకు నవ్వు ఆగలేదు. లోపల చప్పట్లు మోగినాయి. మూసిన కవరు స్వామి మళ్లీ దొరికినాడు. పాఠమంతా బట్టీ పట్టి, ఏ పక్క తల ఏ పక్క కాళ్లో కూడా తెలియకుండా అప్పజెబుతున్నారు. ఉండు, నీ పని చెబుతాను అనుకొని సంచిలోంచి పరీక్ష అట్ట తీసినాను. వాళ్లెప్పుడూ చూడని వాక్యాలు దాని మీద ఉన్నాయి. "ఎద్దు నీళ్లు తాగింది. రైతు చేనికి పోయినాడు." రెండు చేతులతో అట్టను నిటారుగా పట్టుకున్నాను.

"చదువు."

ఓబులాచారి చూసినాడు. కళ్లు చికిలించినాడు. "రోంత తిప్పప్పా" అన్నాడు.

"తిప్పరాదు."

"పోనీ ఇట్ల ఇయ్యి."

"తాకరాదు."

"తాకకుండా, తిప్పకుండా సదవాల్నా? అదేమన్నా దేవుని విగ్రహమా?"

పక్కనున్నవాళ్లు నవ్వినారు. నాకు మండింది. దేవుని విగ్రహమా అని నన్నడుగుతాడా? తరువాతివాణ్ణి పిలిచినాను. మద్దిలేటి అని పాతికేళ్లవాడు. వాడు అట్టను చూడగానే తలను భుజం మీదికి వాల్చినాడు, కోడి గింజను చూసినట్టు.

"మెడకేమైంది?"

"ఏం కాలేదు సారూ. సదువుతాండా."

"మెడ నిలబెట్టి చదువు."

"మెడ నిలబెడితే అచ్చరాలు పడుకుంటాయి సారూ."

ఇంత స్పష్టంగా తెలుగులో చెప్పినాడు. నా పరిశోధనంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నేను మాత్రం నోటుపుస్తకంలో 'వెకిలి సమాధానం' అని రాసుకున్నాను. ఇంకొకడు నెమ్మదిగా లేచి నా వెనక్కి వచ్చి, నా నెత్తిమీదుగా వంగి అట్టను చూడబోయినాడు. దొంగను పట్టినట్టు రెక్క పట్టుకొని కూర్చోబెట్టినాను. అందరినీ ముగించేసరికి లెక్క తేలింది: నలుగురు చదివినారు, పన్నెండుమంది తప్పినారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను పట్టిన అట్టకు ఒకటే తల.

అంతటితో లేచిపోయినా కొంత పరువు దక్కేది. నేను ఉపన్యాసం ఇచ్చినాను. దుమ్ము కొట్టుకున్న ఆ కష్టజీవుల ముందు నిలబడి, బట్టీ చదువు బానిస చదువని, మోసంతో అక్షరం రాదని, మూఢత్వం గుళ్లలోనే కాదు బళ్లలోనూ దూరిందని పావుగంట దంచినాను. ఓబులాచారి అంతా విని, "సారు బాగా మాట్లాడతాడు. వినేది నేర్పియ్యలేదేమో" అని పక్కవాడితో అన్నాడు. బయట చెన్నమ్మను దాటిపోతుంటే ఆమె అడిగింది.

"ఎంతమంది సదివినారు సారూ?"

"నీకే తెలియాలి" అన్నాను. ఇంత చేదుగా నేను ఏ స్వామితోనూ మాట్లాడలేదు.

పిచ్చోడి చేతిలో రాయి ఒక తలనే పగలగొడుతుంది. పరిశోధకుడి చేతిలో కాయితం ఊళ్లకు ఊళ్లనే పగలగొడుతుంది. నివేదికను గ్రాంథికంలో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపినాను. చెన్నమ్మ పుస్తకాల కోసం పెట్టుకున్న అర్జీలు రెండేళ్లు కదలలేదు. నా కాయితం నెల తిరగకుండా బడిని మూయించింది. విశ్వవిద్యాలయంలో ఈ కథను నటించి మరీ చెప్పినాను. మెడ వాల్చి, అట్ట తిప్పి చూపించినాను. ఆచార్యులందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వినారు. నా గ్రంథంలో అది నాలుగో అధ్యాయమైంది. అందరికంటే మెచ్చుకున్న అధ్యాయం కూడా అదే.

ఇక్కడ మా ఆచార్యుడి కొత్త ఇల్లు కథలోకి వస్తుంది. గేటు పక్కన నల్లరాతి మీద తన పేరు చెక్కించాలని ఆయనకు కోరిక. "మీ ప్రాంతంలోనే గదా మంచి శిల్పులు ఉండేది. చెక్కించుకొని రా" అన్నాడు. పరిశోధక విద్యార్థి అంటే గురువు ఇంటి పనులు చేస్తూ తీరికవేళల్లో చదువుకునేవాడు. ఏడాది తరువాత మళ్లీ ఆళ్లగడ్డలో దిగినాను.

అదే కొట్టం, అదే ఓబులాచారి. నన్ను గుర్తుపట్టినాడు. కోపం లేదు. కోపం లేకపోవడమే నాకు గుచ్చుకుంది.

"ఏం సారూ, ఇట్ల వచ్చినావ్? మల్ల పరీచ్చనా?"

"కాదు పెద్దాయనా. పేరు చెక్కాల రాతిమీద."

సంచిలో చెయ్యి పెట్టి చేతికందిన కాయితం తీసినాను. దానిమీద ఆచార్యుడి పేరు, పొడవు వెడల్పులు రాసి ఇచ్చినాను. ఆయన దాన్ని మధ్యలో ఉన్న చదును బండమీద పరిచి, నాకెదురుగా అవతలి పక్కన కూర్చున్నాడు. కాయితం నా వైపు తిరిగి ఉంది, ఆయనకు తలకిందులు. పేరు చదివినాడు, కొలతలు చదివినాడు. తరువాత కాయితాన్ని బోర్లించినాడు.

"ఈ పక్కన గూడా ఏందో ఉండాదే" అన్నాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టినాడు.

"ఆళ్లగడ్డ... మధ్యాహ్నపు బడిలో... పదహారుమందికి గాను... పన్నెండుమందికి... చదువు రాదు."

చేతికందిందని తీసింది నా నివేదిక మూడో ప్రతి.

"వారు... పుస్తకమును... తలక్రిందులుగా పట్టుకొని... పరీక్షకుని... మో... మోసగింప... జూచిరి."

కొట్టంలో ఉలి శబ్దాలు ఒక్కటొక్కటిగా ఆగిపోయినాయి. ఓబులాచారి తలెత్తినాడు.

"మోసగింప జూచిరి అంటే మేమేనాప్పా?"

తనకు చదువు రాదని నేను రాసిన వాక్యాన్ని, నేనెంత ప్రయత్నించినా చదవలేని దిక్కునుంచి, ఆయన చదివి నాకు వినిపించినాడు.

ఎవరో పోయి చెన్నమ్మను పిలుచుకొచ్చినారు. ఆమె ఇప్పుడు ఇసుకతో రాళ్లకు మెరుగు పెట్టే పనిలో ఉంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాయితం చూసింది, నన్ను చూసింది. మూలనున్న పెట్టెలోంచి పాత వాచకం ఒకటి తెచ్చి అదే బండమీద నడుమ పెట్టింది. గాలికి పుట ఎగరకుండా మీద రాతిముక్క పెట్టింది.

"పదహారుమందికి ఆఫీసోళ్లు ఇచ్చింది ఇది ఒకటే సారూ. నడుమ పెట్టుకొని సుట్టూ కూర్చునేది. ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు, అటు నలుగురు, ఇటు నలుగురు. ఎవరి తావు వాళ్లదే. రెండేండ్లు అట్లనే సదివినారు. ఎదురు కూర్చున్నోళ్లు అచ్చరం రూపమే అట్ల ఉంటాదని అనుకున్నారు. మిగతా పుస్తకాలొస్తే ఆ అలవాటు మార్పిద్దామనుకున్న. అడిగితే, ముందు ఫలితం చూపియ్యి, తరవాత పుస్తకాలు అన్నారు."

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"బయటికి పొమ్మంటివి గదా."

మద్దిలేటి మెడ వాల్చి పుస్తకం ఎడమ పక్కనుంచి చదివి చూపించినాడు. మెడ నిలబెడితే అక్షరాలు పడుకుంటాయని వాడు చెప్పింది వెకిలి కాదు, వైద్యుడి నిర్ధారణ. పదహారుమందికి ఒక్క పుస్తకం పంపిన పెద్దమనుషులెవరో వాళ్లకు సిగ్గు లేదు. ఆ ఒక్క పుస్తకాన్ని నాలుగు దిక్కులనుంచి దున్నుకొని అక్షరాలు పండించుకున్నవాళ్లను మోసగాళ్లన్న నాకు అంతకంటే లేదు.

ఓబులాచారి అప్పుడు వాచకం చేతిలోకి తీసుకున్నాడు. నేను చూడని పుట ఒకటి వెతికి, తలకిందులు చేసి నా ముఖం ముందు నిటారుగా పట్టుకున్నాడు.

"సదువు సారూ."

"పెద్దాయనా..."

"సదువు. తాకాకు, తిప్పాకు."

చదవబోయినాను. ఒక అక్షరం 'బ'నా 'జ'నా తేలలేదు. ఒత్తులు గుణింతాలెక్కి కూర్చున్నాయి. నాకు తెలియకుండానే మెడ వంకర పోయింది.

"మెడకేమైంది సారూ?" అన్నాడు మద్దిలేటి.

కొట్టమంతా నవ్వింది. ఓబులాచారి మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి, తీర్పు చెప్పినట్టు చెప్పినాడు.

"చెన్నమ్మా, రాసుకో. ఈయప్పకు సదువు రాదు."

నాలుగు పక్కలా తిరుగుతూ చెప్పిన చెన్నమ్మ నాలుగు దిక్కులనుంచీ చదవగలదు. ఆ లెక్కన నాకున్న చదువు ఆమె చదువులో పావు వంతు. ఉద్యోగం మాత్రం ఆమెకు రాలేదు, నాకొచ్చింది.

కర్నూలుకు పరుగెత్తి రెండో నివేదిక ఇచ్చినాను. అధికారి రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయండి. ఎవరిని నమ్మేది?"

"రెండూ నేను రాసినవే గదండి."

"అందుకే నమ్మడానికి లేదు."

ఆ తరువాత రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. నా రెండో కాయితం ఏ లారీ ఎక్కిందో ఎవరూ చెప్పలేకపోయినారు. మా ఆచార్యుడి దగ్గరికి పోయి నాలుగో అధ్యాయం తీసేస్తానన్నాను.

"తీసేస్తే ఇంకేం మిగులుతుందయ్యా?"

"నిజం మిగులుతుందండి."

"నిజానికి ఎవరూ పట్టా ఇవ్వరు. పుట అడుగున చిన్న సూచిక రాసి పడెయ్యి."

వేదికలెక్కి దేవుళ్లను నిలదీసిన నేను ఒక బల్ల ముందు చేతులు కట్టుకున్నాను. నా లెక్క తప్పని చీమ తలకాయంత అక్షరాలతో రెండు వరసల సూచిక రాసినాను. పట్టా వచ్చింది. ఆ గ్రంథాన్ని ఇప్పటికి నలుగురు చదివి ఉంటారు. సూచికను చదివింది నేనొక్కణ్ణే. మా ఆచార్యుడు రోజూ తన నల్లరాతి పేరును చూసుకుంటూ గేటు దాటుతాడు. ఒక్క అక్షరం వంకర లేదు. చదువురాదని మేమిద్దరం కలిసి తేల్చిన మనిషి చెక్కినాడు మరి.

ఉద్యోగం వచ్చినాక పదహారు వాచకాలు మోసుకొని ఆళ్లగడ్డ పోయినాను. చెన్నమ్మ మెరుగుపెట్టే రాయి పక్కనే మధ్యాహ్నాలు మళ్లీ చెబుతున్నది. గుర్తింపు లేదు, జీతం లేదు. అప్పుడూ లేవు గనుక తేడా ఏమీ తెలియలేదని అన్నది. పుస్తకాల కట్ట విప్పి చూసి ఒక్క మాట చెప్పింది.

"బుక్కులు ఈడ పెట్టిపో సారూ. కాయితం మాత్రం ఏందీ రాయాకు."

ఆ మాటను ఇన్నేళ్లూ పాటించి, ఇప్పుడు తప్పుతున్నాను. తప్పుతున్నందుకు ఆ చదును బండ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీద ఎవరి ముందైనా అట్ట పట్టుకొని కూర్చోవలసివస్తే, ముందు లేచి పోయి వాళ్లు కూర్చున్న దిక్కున కూర్చుంటాను. చదువు చెప్పినవాళ్లను బయటికి పొమ్మనను. తిప్పమన్నవాడి చేతికి అట్టనిచ్చి నోరు మూసుకుంటాను. ఈ మాట తప్పితే నా పట్టాను తలకిందులుగా గోడకు వేలాడదీసుకుంటాను. ఇప్పటికే అట్లా వేలాడదీసినాను, అది వేరే సంగతి.

ఇక మీ పని. ఈ పుటను తలకిందులు చేసి, నేను మిమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్నను చదవండి. తడబడకుండా చదవగలిగితే నవ్వుకుంటూ పడుకోండి. చదవలేకపోతే రేపు మధ్యాహ్నం మీ ఊళ్లో పెద్దవాళ్లు చదివే బడికి పోండి. ఒక్క పుస్తకం చుట్టూ ఎంతమంది కూర్చున్నారో చూడండి. చూసి ఉపన్యాసం ఇవ్వకండి. చేతిలో పుస్తకాలు పెట్టి రండి.